జల్లెడ పట్టిన దుమ్ము

ఆ రోజుల్లో నా లెక్క ప్రకారం లోకంలో మనుషులు రెండే రకాలు. నేల మీద నడిచి వెళ్ళేవాళ్ళు ఒక రకం, వాళ్ళు వెళ్ళాక తుడిచేవాళ్ళు రెండో రకం. కువైట్‌లో దిగి ఏడాది తిరక్కముందే నేను రెండో రకంలో స్థిరపడిపోయాను, చీపురు పట్టుకోవడంలో నన్ను మించినవాడు లేడని కాస్త గర్వం కూడా ఉండేది. ఇప్పుడు అక్కడే అహ్మది ఊళ్ళో, కంపెనీ మనుషులుండే ఒక పెద్ద క్యాంపు శుభ్రత అంతా నా చేతి కింద నడుస్తోంది. ముప్పై మంది నన్ను సార్ అంటారు (నేను పక్కకెళ్ళాక ఏమంటారో కూడా నాకు తెలుసు), పొట్ట హోదాకి తగ్గట్టు పెరిగింది. అయినా ఈ పని ఎక్కడ నేర్చుకున్నావని ఎవరైనా అడిగితే ఇప్పటికీ మాట దాటేస్తాను. ఎందుకంటే చెప్పడం మొదలుపెడితే, తెల్లారగానే ఒక హెడ్మాస్టారి పాదాల మీద శుభ్రంగా జల్లెడ పట్టిన దుమ్ము పోసిన సంగతి కూడా చెప్పాల్సి వస్తుంది. ఇన్నేళ్ళకి చెప్పేస్తున్నాను, నవ్వుకోండి.

కోనసీమ నుంచి వచ్చి నేను మొదట పడింది సబ్‌హాన్‌లో, గోడౌన్ల కంపెనీలో. ఎనిమిది మందిమి చీపుళ్ళు పట్టుకుని వరసగా నడుస్తూ గోడౌన్ ఈ చివర నుంచి ఆ చివరికి తుడిచేవాళ్ళం. ఆ చివరికి చేరేసరికి ఈ చివర మళ్ళీ దుమ్ము పడేది కాబట్టి పనికి కొదవ ఉండదని నాకు గొప్ప ధీమా. ఒక రోజు పొద్దున్న ట్రక్కులోంచి పసుపుపచ్చ యంత్రం ఒకటి దించారు. మాలోనే ఒకడు దాని మీద కూర్చుని తిప్పుతుంటే ముందు నీళ్ళు చల్లి, మధ్యలో రుద్ది, వెనకాల పొడిగా ఆరబెట్టుకుంటూ పోయింది. మేమంతా చుట్టూ చేరి ముచ్చటగా చూశాం, నేనైతే దాని పక్కన నిలబడి ఫోటో కూడా తీయించుకున్నాను. నెల తిరిగేసరికి ఎనిమిది మందిలో ఏడుగురితో పని లేదన్నారు. ఎనిమిదోవాడు ఆ యంత్రం మీద కూర్చున్నవాడు. (ఆ ఫోటో చాలాకాలం నా ఫోనులో ఉండేది. చూడబుద్ధయ్యేది కాదు, తీసెయ్యబుద్ధీ అయ్యేది కాదు.)

మా మేనమామ అప్పటికే చాలా ఏళ్ళుగా అహ్మదిలో కంపెనీ బస్సు తోలుతున్నాడు. కువైట్ గురించి తనకి తెలియనిది ఏదీ లేదని ఆయనకి గట్టి నమ్మకం, ఆ నమ్మకం నాకు ఇంకా గట్టిది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, అన్నంలో పప్పు కలుపుతూనే ఉపదేశం చేశాడు. "ఇనుకో అల్లుడూ. నీ పని నీ చేతిలో ఉన్నంతసేపే ఇక్కడ నువ్వు. దాన్ని ఇంకోడు ముట్టుకున్నాడంటే ఖలాస్, పెట్టి సద్దుకోడవే." ఆ మాట నేను మంత్రంలా పట్టుకున్నాను. పట్టుకోక చస్తానా? నేను విమానం ఎక్కేముందు మా అమ్మ వీధి మొత్తానికి భోజనాలు పెట్టింది. పాలు పోసే ఆయన దగ్గర నుంచి పోస్టుమాస్టారి దాకా అందరూ తిని, నన్ను దీవించి పంపారు. ఏడాది తిరక్కుండా పెట్టె పట్టుకుని అదే వీధిలో దిగితే, ఆ తిన్నవాళ్ళందరి మొహాలూ ఎలా చూడాలి?

ఆ మామయ్యే ఎవరినో పట్టుకుని నాకు ఇంకో చోట పని చూశాడు. అది జపాన్ వాళ్ళ పిల్లలు చదువుకునే బడి. బడి అంటే మీరు పెద్ద భవనం ఊహించుకోకండి, ఇళ్ళ మధ్య ఒక విల్లా. పిల్లలు పదహారు మంది, టీచర్లు ఆరుగురు (లెక్క తప్పు రాయలేదు, నేనూ మొదట రెండుసార్లు లెక్కపెట్టాను). వాళ్ళ నాన్నలు ఏవో కంపెనీల పని మీద మూడేళ్ళకో నాలుగేళ్ళకో వచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. తిరిగి వెళ్ళాక పిల్లలు అక్కడి తరగతుల్లో వెనకబడకూడదని, అక్కడి పుస్తకాలు, అక్కడి పద్ధతులు అన్నీ యథాతథంగా ఇక్కడ పెట్టుకున్నారు. కొన్ని తరగతుల్లో ఒక్కడే పిల్లవాడు, వాడికో టీచరు, ఓ నల్లబల్ల. వాడు ఎప్పుడూ ఫస్టే.

ఆ బడి ఆఫీసులో రాయచోటి నుంచి వచ్చిన భాయ్ ఒకాయన ఉండేవాడు. టైపు కొట్టేది, బస్సులు చూసేది, కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేది అన్నీ ఆయనే. అందరం భాయ్ అనేవాళ్ళం. హెడ్మాస్టారికి వచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుని నాకు తెలుగులో చెప్పే బాధ్యత కూడా ఆయన మీదే పడింది. హెడ్మాస్టారు సన్నగా, పొడుగ్గా, కళ్ళజోడు పెట్టుకుని ఉండేవారు. నేను గదిలోకి వెళ్ళగానే లేచి నిలబడి నడుం వంచి నమస్కారం చేశారు. అంతటి పెద్దమనిషి నాకు వంగి దండం పెడితే నేను నిటారుగా ఎలా ఉంటాను? ఆయనకంటే ఇంకో జానెడు కిందికి వంగాను. ఆయన మర్యాదస్తుడు, మళ్ళీ వంగారు. నేనూ వంగాను. మొత్తానికి ఎవరు ముందు ఆపాలో తెలియక ఇద్దరం కాసేపు అలా ఉండిపోయాం. చివరికి భాయ్ నా చొక్కా వెనక నుంచి పట్టి లాగి, "సాలప్పా, ఇంగ నిలబడు, ఆయప్పకి నడుం నొప్పి ఉండాది" అన్నాడు. నెల రోజులు పని చూస్తామని, నచ్చితే నా ఇఖామా (కువైట్‌లో ఉండనిచ్చే అనుమతి కార్డు) బడి పేరు మీదకి మార్చుకుంటామని, నచ్చకపోతే ఇంటికి టిక్కెట్టు ఇస్తామని చెప్పారు. బాత్‌రూములు, మెట్లు, మేడ మీద ట్యాంకులు, గేటు, బస్సు దగ్గర పిల్లల్ని దింపడం, ఇంకా ఏవేవో చెప్పారు. నాకు మటుకు ఇఖామా, టిక్కెట్టు, ఈ రెండు మాటలే చెవిలో నిలిచాయి.

మొదటిరోజు మధ్యాహ్నం పిల్లలు డబ్బాల్లో తెచ్చుకున్న భోజనాలు తినడం అయ్యింది. ఎక్కడో సన్నగా సంగీతం మొదలైంది. పదహారు మందీ లేచి, తలలకి గుడ్డలు కట్టుకుని, మెడ వెనక ముడి బిగించుకుని, తలా ఒక తుడుపుగుడ్డ పట్టుకుని బకెట్ల దగ్గర బారులు తీరారు. నేను గేటు దగ్గర నుంచి చూసి జాలిపడ్డాను. ఏం తప్పు చేశారో పాపం, బడి మొత్తానికి ఒకేసారి శిక్ష వేశారనుకున్నాను. అంతలో టీచర్లు కూడా చీపుళ్ళు పట్టుకుని వచ్చారు. ఓహో, వీళ్ళకీ శిక్షే అనుకున్నాను. లోపలికి వెళ్ళి చూద్దును కదా, బాత్‌రూములో హెడ్మాస్టారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడుచుకుని, బ్రష్షుతో గచ్చు రుద్దుతున్నారు.

అప్పుడు నాకు విషయం అర్థమైంది (అయ్యిందనుకున్నాను). శిక్ష పడింది పిల్లలకీ కాదు, టీచర్లకీ కాదు, నాకు. నేను పొద్దున్న సరిగ్గా చెయ్యలేదు కాబట్టి, నోటితో తిట్టడం ఇష్టంలేని ఈ మర్యాదస్తులు నా కళ్ళెదురుగా నా పని తామే చేసి చూపిస్తున్నారు. పరుగెత్తుకెళ్ళి ఆయన చేతిలో బ్రష్షు పట్టుకున్నాను. ఆయన వదల్లేదు. నా పనండీ సార్ అని నేను, కాదు నా పని అని ఆయన, ఇద్దరికీ వచ్చిన ఇంగ్లీషులో చెప్పుకున్నాం. ఆయన బ్రష్షు వదలకుండానే వంగి నమస్కారం చేశారు. నేనూ వదలకుండానే వంగాను. తలలు రెండూ టక్కుమని తగిలాయి, కళ్ళజోడు బకెట్లో పడింది. అది తీసి, కడిగి, తుడిచి ఇచ్చాను. ఆ రోజు బాత్‌రూములో నేను చేసిన శుభ్రం అదొక్కటే.

సాయంత్రం మామయ్యకి ఫోన్ చేసి అంతా చెప్పాను. హెడ్మాస్టారు స్వయంగా బాత్‌రూము కడిగారన్నమాట వినగానే ఆయన బస్సు పక్కకి ఆపేశాడట. చాలాసేపు ఆలోచించి, ఇదివరకు ఉన్నవాడు సరిగ్గా చెయ్యక వాళ్ళకి ఆ అలవాటు పడిపోయి ఉంటుందని, నేను వాళ్ళ చేత ఆ అలవాటు మాన్పిస్తే తప్ప నా ఉద్యోగం నిలవదని తేల్చాడు. "ఆళ్ళు గుడ్డట్టుకునే ఏలకి అక్కడ తుడవడానికి ఏం ఉండకూడదురా. ఏం మిగల్చకు" అన్నాడు. పని దొంగలకి ఎలా పని చెప్పాలో తెలిసిన మనిషి మా మామయ్య. పని దొంగిలించేవాళ్ళని ఆయన అంతకు ముందెప్పుడూ చూడలేదు.

మర్నాటి నుంచి నా ప్రతాపం మొదలైంది. తెల్లవారీ తెల్లవారకముందే మొదటి బస్సుకి వచ్చేసేవాణ్ణి. గదులు, వరండా, మెట్లు, కిటికీ గట్లు, పిల్లల చెప్పుల అరలు, బల్లల కాళ్ళకి వేసిన రబ్బరు తొడుగులు, ఏదీ వదల్లేదు. పిల్లలు భోజనాలు చేస్తుండగా ఇంకోసారి వరండా తుడిచేసేవాణ్ణి. సంగీతం మొదలయ్యేసరికి నేల మీద మొహం చూసుకోవచ్చు. పిల్లలు తలగుడ్డలు కట్టుకుని వచ్చి, వంగి, చేతులు ఆనించి, ఊరికే నేలంతా పరికించేవాళ్ళు. నేను ఒక మూల చేతులు కట్టుకుని నిలబడి, మరేం పర్లేదు, వెళ్ళి ఆడుకోండి నాన్నా అన్నట్టు నవ్వేవాణ్ణి.

వాళ్ళు గ్రూపులుగా శుభ్రం చేసేవాళ్ళు. గ్రూపుకో లీడరు, నెలకొకరు మారతారు. గోడ మీద చెక్క పలక, దానికి కొక్కేలు, కొక్కేలకి పేర్లు రాసిన చిన్న చిన్న చెక్కముక్కలు. వరండా గ్రూపుకి ఆ నెల లీడరు రెండో తరగతి పిల్ల. ముందు పళ్ళు రెండూ ఊడి ఉన్నాయి. తలగుడ్డ కనుబొమల మీదకి జారిపోతుంటే తల వెనక్కి వాల్చి, అందరినీ ముక్కు మీద నుంచి చూస్తూ ఆజ్ఞలు జారీ చేసేది. నాకు పేర్లు నోరు తిరిగేవి కాదు, నేను ఆ పిల్లని లీడరు అనే పిలిచేవాణ్ణి. ఆ లీడరు కిటికీ గట్టు మీద వేలు రాసి, వేలు చూసుకునేది. చెప్పుల అర కింద చెయ్యి పెట్టి, మళ్ళీ వేలు చూసుకునేది. ఆ వెనకాలే నేను, పరీక్షలో ఫస్టు వచ్చినవాడి తండ్రిలా తిరిగేవాణ్ణి. పని అయ్యాక అందరూ వరసగా నిలబడి ఈ రోజు నేనేం చేశానో ఒక్కొక్కరే చెప్పాలి, అది వాళ్ళ పద్ధతి. మూడో వారంలో ఒక రోజు లీడరు వంతు వచ్చింది. నోరు తెరిచింది, చేతిలో ఉన్న తెల్లటి గుడ్డ వైపు చూసింది, నోరు మూసేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆనందబాష్పాలనుకున్నాను.

మర్నాడే హెడ్మాస్టారు పిలిచారు. లేచి నిలబడి, మామూలు కంటే కిందికి వంగి, చాలాసేపు మెల్లగా మాట్లాడారు. భాయ్ తల గోక్కుంటూ నా వైపు తిరిగి, "గదులూ వరండా నువ్వు తుడవాకంట. పిల్లోల్లకి పని లేకుండా పోతాండాదంట. నీ పని చానా బాగుండాదంటాండాడు, అయితే తుడవాకంట" అన్నాడు. పని బాగుందన్న మాట నాకు వినపడింది గానీ లోపలికి దిగలేదు. సబ్‌హాన్‌లో కూడా మా మేనేజరు, మీరంతా చాలా మంచి పనివాళ్ళు అంటూనే మొదలుపెట్టాడు. నెల పూర్తవడానికి ఇంకా పది రోజులుంది. టిక్కెట్టు, వీధి, భోజనాలు తిన్న మొహాలు, అన్నీ వరసగా కళ్ళముందు తిరిగాయి.

ఆ సాయంత్రం బస్సులో కిటికీకి తల ఆనించి ఆలోచించాను. నేను తుడిస్తే పిల్లలకి పని లేదు, పిల్లలు ఏడుస్తారు. నేను తుడవకపోతే నాకు పని లేదు, నేను ఏడుస్తాను. నేను తుడవాలి, వాళ్ళూ తుడవాలి, ఎవరి పనికీ లోటు రాకూడదు. అంటే నాకూ వాళ్ళకీ మధ్య కొత్తగా కాస్త దుమ్ము కావాలి. కువైట్‌లో దుమ్ముకేం కరువు? బడి పక్కనే ఖాళీ స్థలం ఉంది. ఇంత సులువైన ఉపాయం హెడ్మాస్టారికి గానీ, భాయ్‌కి గానీ, ఆఖరికి మా మామయ్యకి గానీ తట్టలేదే అని నా తెలివికి నేనే మురిసిపోయాను.

మర్నాడు పొద్దున్నే ముందుగా నా పని నేను చేశాను. గదులు, వరండా అద్దంలా తుడిచాను. తర్వాత పక్క స్థలంలోంచి బకెట్టు నిండా దుమ్ము తెచ్చాను. అందులో చిన్న చిన్న రాళ్ళున్నాయి, గాజుపెంకు ముక్క ఒకటి కనపడింది. పిల్లలు మోకాళ్ళ మీద వంగి తుడుస్తారు, గుచ్చుకుంటే? వంటగదిలోంచి టీ వడపోసే జల్లెడ తెచ్చి, అంతా మెత్తగా జల్లించాను. గ్రూపులన్నిటికీ సమానంగా రావాలి కదా, ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అయితే అదో గొడవ. గదికి మూడు చెంచాలు, వరండాకి ఆరు, మెట్లకి మెట్టుకో అర చెంచా. లీడరుకని కిటికీ గట్టు మీద విడిగా ఇంకో చిటికెడు. చంకలో బకెట్టు, ఒక చేతిలో చెంచా, ఇంకో చేతిలో జల్లెడ, అది నెమ్మదిగా ఊపుతూ, మా అమ్మ ముగ్గు వేసేటప్పుడు వెనక్కి నడిచినట్టు నడుచుకుంటూ వచ్చాను, నా అడుగులు పడకూడదని.

అలా వెనక్కి నడుస్తూ మెత్తగా ఎవరికో తగిలాను. తిరిగి చూస్తే హెడ్మాస్టారు. ఆ రోజే తొందరగా రావాలా ఆయన? ఆయన వరండా చూశారు, జల్లెడ చూశారు, నన్ను చూశారు. తర్వాత అలవాటు కొద్దీ వంగారు. నేను కూడా అలవాటు కొద్దీ, బాగా కిందికి, చంకలో బకెట్టుతో సహా వంగాను. బకెట్టులో మిగిలిందంతా సరాసరి ఆయన పాదాల మీద కురిసింది. బడిలో వేసుకునే మెత్తటి చెప్పులు అవి, పూర్తిగా కప్పబడిపోయాయి. రాళ్ళు లేవు కాబట్టి ఆయనకి దెబ్బ తగల్లేదు, అదొక్కటే నా అదృష్టం.

భాయ్ వచ్చేదాకా ఇద్దరం ఆఫీసు గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం. భాయ్ వస్తూనే విషయం తెలుసుకుని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. ఎందుకిలా చేశావని హెడ్మాస్టారు అడిగారు, గొంతులో కోపం లేదు. ఇంక దాచి ఏం లాభమని మొత్తం చెప్పేశాను. పసుపుపచ్చ యంత్రం గురించి చెప్పాను, మా అమ్మ పెట్టిన భోజనాల గురించి చెప్పాను. "భాయ్, సార్‌కి చెప్పండి. ఒకచోట మిసను నా పని లాగేసుకుందండి. ఇక్కడ పిల్లలు లాగేసుకుంటున్నారండి. నా పని కూడా మీరే చేసేత్తే, ఇంక నన్నెందుకుంచుతారండి?" అన్నాను. భాయ్ అదంతా ఇంగ్లీషులో చెప్పాడు, అంతకు ముందెప్పుడూ లేనంత నెమ్మదిగా.

హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గోడ మీద ఉన్న టైంటేబులు దగ్గరికి వెళ్ళి, లెక్కల గంట మీద వేలు పెట్టారు, సైన్సు మీద పెట్టారు, తర్వాత భోజనం పక్కనున్న చిన్న గడి మీద పెట్టి నా వైపు తిరిగారు. ఆయన చెప్పింది భాయ్ తెలుగులో చెప్పాడు. "అది గూడా పాఠమేనంటప్పా. ఈడ పాడు చేసేటోడు, తుడిచేటోడు అని ఇద్దరుండరంట, అందరూ ఒకటేనంట. పిల్లోల్ల లెక్కలు నువ్వు ముందే చేసిపెడితే వాల్లకి లెక్కలెప్పుడొస్తాయి అంటాండాడు సారు." నేను తల దించుకున్నాను. నా లోకంలో ఉన్న రెండు రకాల మనుషుల్లో ఒక రకాన్ని అప్పుడే ఆయన టైంటేబులు మీద నుంచి చెరిపేశారు.

ఆయన ఇంకా ఏదో అన్నారు, అన్నాక లేచి మళ్ళీ వంగారు. ఈసారి నేను కదల్లేదు, ఒంట్లో ఓపిక లేదు. భాయ్ ఆశ్చర్యపోతూ చెప్పాడు. తప్పు వాళ్ళదట. బడిలో టీచర్లతో సహా ప్రతి ఒక్కరూ ఏదో ఒక గ్రూపులో ఉన్నారు, నన్ను ఒక్కణ్ణే ఏ గ్రూపులోనూ వెయ్యలేదు, అందుకే నేను అలా అనుకున్నాను, క్షమించమంటున్నారు. ట్యాంకులూ గేటూ బస్సూ నా పని, అవి ఎవరూ ముట్టుకోరు. ఆ చిన్న గడి మటుకు అందరితో పాటు. ఇది విని ఆఫీసులోంచి బయటికి వచ్చాక భాయ్ టీ పెట్టుకున్నాడు. ఒక గుటక తాగి, నోట్లో నాలుక తిప్పి, కప్పులోకి చూసి, నన్ను చూసి, "యా జల్లెడప్పా నువ్వు తీస్కునింది?" అని అడిగాడు.

ఆ మధ్యాహ్నమే నన్ను వరండా గ్రూపులో వేశారు, వాళ్ళ అక్షరాల్లో నా పేరు రాసిన చెక్కముక్క కూడా పలక మీద తగిలించారు. లీడరు నా ఎదుట నిలబడి, తల వెనక్కి వాల్చి, కిందనుంచి పై దాకా చూసింది. నాకు తలగుడ్డ కట్టింది, నేను నేల మీద గొంతుక్కూర్చుంటే గానీ అందలేదు. తర్వాత గుడ్డ తడిపి పిండమంది. పిండాను. ఆ పిల్ల తల అడ్డంగా ఊపి, నా చేతుల్లోంచి లాక్కుని, గుడ్డ నిలువుగా పట్టుకుని ఒక చెయ్యి పైన, ఒక చెయ్యి కింద పెట్టి, మోచేతులు దగ్గరికి తెచ్చి మెలితిప్పింది. నేను అడ్డంగా పిండి ఖాళీ అయిందనుకున్న గుడ్డలోంచి ఇంకో గుక్కెడు నీళ్ళు కారాయి. సబ్‌హాన్‌లో అన్ని నెలలు పిండినవాణ్ణి, సిగ్గేసింది. తర్వాత గుడ్డ మీద రెండు చేతులూ ఆనించి, నడుం పైకెత్తి, వరండా ఈ చివర నుంచి ఆ చివరికి పరుగెత్తాలి. పిల్లలు సర్రున వెళ్ళిపోయారు. నేను సగం దాకా వెళ్ళి, కాళ్ళు చేతులకంటే ముందుకు పోయి, గడ్డం నేలకి ఆన్చి పడుకున్నాను. పనయ్యాక వరసలో నిలబడి, నా వంతు వచ్చినప్పుడు తెలుగులోనే, నేను వరండా సగం తుడిచానండి, మిగతా సగం రేపు తుడుస్తానండి అని చెప్పాను. ఒక్కరికీ అర్థం కాలేదు, అందరూ చప్పట్లు కొట్టారు. లీడరు కూడా కొట్టింది. ఆ రోజు దాని గుడ్డ నల్లగా ఉంది (అంతా నా చలవే).

ఆ నెల చివరి వారంలో నిజం దుమ్ము తుఫాను వచ్చింది. మధ్యాహ్నానికే ఆకాశం ఎర్రబడి, ఎదురుగా ఉన్న ఇల్లు కనపడలేదు. పిల్లల్ని తొందరగా ఇళ్ళకి పంపేశారు. మర్నాడు పొద్దున్న తలుపులు తీస్తే, మూసిన కిటికీల సందుల్లోంచే ఎలా వచ్చిందో ఏమో, బల్లల మీద, పుస్తకాల మీద, మెట్ల మీద, నేను జల్లెడతో జల్లించినదానికన్నా మెత్తగా, సమానంగా, ప్రతి గదిలో పరుచుకుని ఉంది. పిల్లలు బస్సు దిగి వచ్చి ఆ దృశ్యం చూసి గుమ్మంలో ఆగిపోయారు. తర్వాత ఒక్కొక్కరే తలలు తిప్పి నన్ను చూశారు. టీచర్లు చూశారు. లీడరు నడుం మీద చేతులు పెట్టుకుని మరీ చూసింది. చివరికి హెడ్మాస్టారు కూడా, ఎంత మర్యాదస్తుడైనా, ఒక్క క్షణం నా చేతుల వైపు చూశారు. ఖాళీ చేతులు రెండూ పైకెత్తి, నేను కాదండీ బాబూ, దేవుడండీ అన్నాను. అది ఎలాగో అందరికీ అర్థమైంది. హెడ్మాస్టారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేను చూసింది అప్పుడే. ఆ రోజు పాఠాలు రెండు గంటలు ఆలస్యంగా మొదలయ్యాయి. అంతమంది ఒకే పని మీద వంగి ఉండగా నేను కూడా వాళ్ళలో ఒకణ్ణని, కువైట్ వచ్చాక మొదటిసారి అనిపించింది. ఆ వారం ముగిసేలోపే భాయ్ నా పాస్‌పోర్టు తీసుకుని ఆఫీసుల చుట్టూ తిరిగి, ఇఖామా మార్పించుకొచ్చి నా చేతిలో పెట్టి, "యల్లా, ఇంగ వంగాకు ఎవురికీ" అన్నాడు.

నేను అక్కడ నాలుగేళ్ళున్నాను. లీడరు రెండేళ్ళకే వెళ్ళిపోయింది, వాళ్ళ నాన్నకి బదిలీ. మార్చి నెలలో వాళ్ళ బడి సంవత్సరం పూర్తవుతుంది, ఏటా ఆ నెలలో ముగ్గురో నలుగురో వెళ్ళిపోయేవాళ్ళు, కొత్తగా ఇద్దరో ముగ్గురో వచ్చేవాళ్ళు. చివరిరోజు ఆ పిల్ల (అప్పటికి పళ్ళు వచ్చేశాయి) వాళ్ళమ్మతో వచ్చి, పాత తువ్వాలు మడిచి కుట్టిన తుడుపుగుడ్డ ఒకటి నాకు రెండు చేతులతో ఇచ్చింది. దాని మూల మీద ఎర్రదారంతో ఏవో అక్షరాలు. ఎవరినీ అడక్కుండానే నా పేరని తెలిసింది, పలక మీద నా చెక్కముక్క రోజూ చూసేవాణ్ణి కదా. తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి, పై కొక్కెం నుంచి తన పేరు తీసేసి, నా పేరు అక్కడ తగిలించింది. అది లీడరు కొక్కెం, ఆ నెల వంతు మళ్ళీ తనదే. ఇద్దరం ఒకరికొకరం వంగాం. ఈసారి ముందు ఎవరు ఆపాలో నాకు తెలుసు, అయినా నేను ఆపలేదు. తల ఎత్తితే కళ్ళు కనపడతాయని.

ఆ గుడ్డ ఇంకా నా దగ్గర ఉంది. ఇప్పుడు అహ్మదిలో నాకు విడిగా ఆఫీసు గది ఉంది, అది తుడవడానికి మనుషులూ ఉన్నారు. అయినా మధ్యాహ్నం భోజనం అయ్యాక ఓ పావుగంట నా బల్ల, నా కిటికీ గట్టు నేనే తుడుచుకుంటాను. పెద్ద ఆదర్శం అనుకునేరు, మానేస్తే ఎక్కడో ఒక పిల్ల తల వెనక్కి వాల్చి చూస్తున్నట్టు ఉంటుంది. మొన్న కడప వైపు నుంచి కొత్తగా చేరిన ఒకావిడ, అంతకు ముందు ఇళ్ళల్లో పని చేసి వచ్చిన మనిషి, నేను గుడ్డ పట్టుకోవడం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. పరుగున వచ్చి గుడ్డ ఇంకో కొస పట్టుకుంది. నేను వదల్లేదు, ఆవిడా వదల్లేదు. "ఏంటికన్నా ఇది, నా పని నచ్చలేదా? తీసేస్తారా నన్ను?" అంది. ఆ కళ్ళు నేను ఎక్కడ చూశానో నాకు వెంటనే గుర్తొచ్చింది, బకెట్టులో పడ్డ కళ్ళజోడు తీసి ఇచ్చినప్పుడు దాని అద్దంలో కనపడిన నా కళ్ళు అవే.

లేదమ్మా, నిన్నెవరూ తియ్యరు, నీ పని నీకే ఉంది, ఇది నా గ్రూపు పని అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. సరే, తుడుద్దువుగాని, ఇద్దరం తుడుద్దాం అని గుడ్డ ఇచ్చాను. ఆవిడ బకెట్లో ముంచి, రెండు చేతులతో అడ్డంగా పట్టుకుని పిండింది. అలా కాదమ్మా, నిలువుగా పట్టుకోవాలి అని చూపించాను. ఇంకో గుక్కెడు నీళ్ళు కారాయి. ఎక్కడ నేర్చుకున్నారన్నా ఇది అని అడిగింది. ఈసారి మాట దాటెయ్యలేదు, రెండో తరగతి చదువుతున్న మా లీడరు దగ్గర అని చెప్పాను. పెద్దాయనకి ఎండ దెబ్బ తగిలినట్టుందనుకుని, ఆవిడ ముందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెచ్చిచ్చి, కిటికీ గట్టు తనే తుడవడం మొదలుపెట్టింది. సగం తుడిచి ఆగి, మిగతా సగం నాకు వదిలింది.